ఆ హాలు ఎవరిది? కలకత్తా హిందూ కాలేజీ కుర్రాళ్ల చర్చా సంఘాల కథ

విద్యార్థులు పెట్టుకున్న సభకి కాలేజీవాళ్లు చివరి నిమిషంలో హాలు ఇవ్వలేదన్న వార్త అప్పుడప్పుడూ చదువుతూనే ఉంటాం. ఆ వెంటనే రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి. "చదువుకోడానికి వచ్చారా, సభలు పెట్టుకోడానికి వచ్చారా?" అని ఒకళ్లు. "కాలేజీలో మాట్లాడకపోతే ఇంకెక్కడ మాట్లాడతారు?" అని ఇంకొకళ్లు. ఈ వాదులాట కాస్త ముదిరాక ఎవరో ఒకరు కలకత్తా హిందూ కాలేజీని, అక్కడి యువ ఉపాధ్యాయుడు డెరోజియోని మధ్యలోకి తెస్తారు. ఒక పక్షానికి ఆయన స్వేచ్ఛకు గుర్తు, రెండో పక్షానికి పిల్లల్ని చెడగొట్టిన మనిషి. ఇద్దరూ చెప్పే కథలో తేదీలు ముందువెనకలవుతాయి, మధ్యలో ముఖ్యమైన ముక్కలు జారిపోతాయి. ఆ చిక్కులు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వెళ్తే, ఇప్పటి గొడవలు కూడా కొంచెం తేటగా కనిపిస్తాయని నా నమ్మకం.

డిబేట్ వేరు, ఎలక్యూషన్ వేరు, సాహితీ సంఘం వేరు

మనం ఈ మాటల్ని కలిపేసి వాడేస్తుంటాం. ఎలక్యూషన్ అంటే వక్తృత్వ పోటీ. ఒక అంశం మీద ఒక్కడే మాట్లాడతాడు, ఎంత బాగా మాట్లాడాడో చూసి మార్కులు వేస్తారు. డిబేట్‌లో ఎదుటివాడు ఉంటాడు. ముందు ఒక వాక్యం పెడతారు, దాన్ని మోషన్ అంటారు. కొందరు దానికి అనుకూలంగా, కొందరు వ్యతిరేకంగా మాట్లాడతారు. అధ్యక్షుడు వంతులు చూస్తాడు, చివర్లో చాలాచోట్ల ఓటింగ్ ఉంటుంది. సాహితీ సంఘంలో ఒక సభ్యుడు వ్యాసం రాసుకొచ్చి చదువుతాడు, దాని మీద మిగిలినవాళ్లు మాట్లాడతారు. పందొమ్మిదో శతాబ్దపు కాలేజీ సంఘాలు చాలావరకు ఈ రెండో, మూడో పనులు కలిపి చేసేవి.

డిబేట్‌లో ఇంకో కీలకమైన సంగతి ఉంది. నేను డిగ్రీలో ఉండగా ఒక పోటీలో స్టీలు గ్లాసులోంచి చీటీ తీయమన్నారు. మడత విప్పితే "ఎగైనెస్ట్" అని ఉంది. అంశం కట్నం నిషేధ చట్టం ఇంకా కఠినంగా ఉండాలా అని. నా అసలు అభిప్రాయం అవునని, చీటీ మాత్రం కాదనమంది. పదిహేను నిమిషాల టెన్షన్‌లో నేను నమ్మని పక్షానికి ఉన్న బలమైన కారణాలన్నీ వెతికాను. దిగొచ్చాక మా పిన్నిగారబ్బాయి "అదేంట్రా, నువ్వు కూడా అలా మాట్లాడావు?" అన్నాడు. వేదిక మీద వాదించిన మాట, మనసులో నమ్మిన మాట ఒకటే కానక్కర్లేదని వాడికి చెప్పడానికి చాలాసేపు పట్టింది. 1831లో కలకత్తాలో ఒక మనిషి ఉద్యోగం పోయింది సరిగ్గా ఈ తేడా దగ్గరే.

ఇదంతా తెల్లవాళ్లు నేర్పిన విద్యేనా అంటే, ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్తిగా చెప్పి తర్వాత ఖండించే పూర్వపక్షం, సిద్ధాంతం పద్ధతి మన శాస్త్ర చర్చల్లో ఎప్పటినుంచో ఉంది. బెంగాల్‌లోనే నవద్వీపం తర్కశాస్త్రానికి పేరుమోసిన ఊరు. కొత్తగా వచ్చింది సంఘం అనే ఏర్పాటు. సభ్యత్వం, అధ్యక్షుడు, కార్యదర్శి, ఎవరైనా లేచి మాట్లాడే హక్కు ఇందులో భాగాలు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో 1770లో, కేంబ్రిడ్జ్‌లో 1815లో, ఆక్స్‌ఫర్డ్‌లో 1823లో ఇలాంటి సంఘాలు మొదలయ్యాయి. అక్కడా అన్నీ సవ్యంగా సాగలేదు. 1817లో కేంబ్రిడ్జ్ యూనియన్ చర్చల్ని వైస్ ఛాన్సలరే ఆపించాడు. 1821లో మళ్లీ మొదలుపెట్టనిచ్చారు గానీ, నడుస్తున్న రాజకీయాల జోలికి వెళ్లకూడదని షరతు పెట్టారు.

ఎవరి డబ్బుతో పెట్టిన కాలేజీ?

కేంబ్రిడ్జ్‌లో చర్చలు ఆగిన ఆ 1817లోనే, జనవరి 20న, కలకత్తాలో హిందూ కాలేజీ తెరిచారు. ఇది ప్రభుత్వం పెట్టిన కాలేజీ కాదు. తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలనుకున్న కలకత్తా హిందూ పెద్దలు చందాలు వేసుకుని పెట్టుకున్నది. మేనేజ్‌మెంట్ వాళ్లదే. హిందువుల పిల్లలకే ప్రవేశం. కాబట్టి "మా డబ్బు, మా పిల్లలు, మా కాలేజీ" అనే మాటలో వాళ్ల వైపునుంచి న్యాయం లేకపోలేదు. తర్వాత 1855లో ఇదే ప్రెసిడెన్సీ కాలేజీ అయింది.

హెన్రీ లూయిస్ వివియన్ డెరోజియో 1809లో కలకత్తాలోనే పుట్టాడు. పోర్చుగీసు మూలాలున్న కుటుంబం. 1826లో ఈ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం, చరిత్ర చెప్పడానికి చేరేసరికి ఆయనకు 17 ఏళ్లు. ఆయన చుట్టూ చేరిన కృష్ణమోహన్ బెనర్జీ, రాధానాథ్ సిక్దార్, రామ్‌తను లాహిరి 1813లో పుట్టినవాళ్లు, ప్యారీచంద్ మిత్రా 1814లో, రామ్‌గోపాల్ ఘోష్ 1815లో. మాస్టారికీ కుర్రాళ్లకీ మధ్య నాలుగు నుంచి ఆరేళ్ల తేడా, అంతే. ఇంట్లో పెద్దన్నయ్య వయసు వాడు పాఠం చెబుతున్నాడు. పిల్లలకు అంత చేరువ కావడానికీ, ఇళ్లల్లో పెద్దవాళ్లకు అంత గుబులు పుట్టడానికీ కారణం ఇందులోనే చాలావరకు దొరుకుతుంది.

మాణిక్‌తలా తోట బంగళా

1828లో డెరోజియో అధ్యక్షుడిగా, ఉమాచరణ్ బోస్ కార్యదర్శిగా అకడమిక్ అసోసియేషన్ మొదలైంది. దీన్ని "హిందూ కాలేజీ డిబేటింగ్ సొసైటీ" అని రాస్తుంటారు. ఇక్కడే మొదటి చిక్కు. సభ్యులు ఆ కాలేజీ కుర్రాళ్లు, అధ్యక్షుడు ఆ కాలేజీ ఉపాధ్యాయుడు. సభలు జరిగింది మాత్రం కాలేజీలో కాదు. మాణిక్‌తలాలో శ్రీకృష్ణ సింగ్ అనే పెద్దమనిషి తోట బంగళాలో. ఆయన కాలేజీ మేనేజింగ్ కమిటీ సభ్యుడు కూడా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

ఏం మాట్లాడుకునేవారు? 1884లో డెరోజియో జీవితచరిత్ర రాసిన థామస్ ఎడ్వర్డ్స్ ఇచ్చిన జాబితాలో స్వేచ్ఛాసంకల్పం, విధిరాత, విశ్వాసం, సత్యం, దేశభక్తి, దేవుడి గుణాలు, విగ్రహారాధన, పౌరోహిత్యం ఉన్నాయి. ఆ సభల మినిట్స్, అంటే చర్చల రాతప్రతి రికార్డులు, మనదాకా రాలేదు, తర్వాతి తరం జ్ఞాపకాలే ఆధారం. పదిహేనేళ్ల కుర్రాళ్లు సాయంత్రం పూట తోటలో కూర్చుని, విధిరాత ముందే రాసి ఉంటే పాపానికి బాధ్యత ఎవరిదని తగువులాడుకుంటుంటే, వినడానికి కలకత్తా సుప్రీంకోర్టు జడ్జి ఎడ్వర్డ్ రయాన్, గడియారాల వ్యాపారం వదిలేసి పిల్లల చదువుకే అంకితమైన డేవిడ్ హేర్ లాంటివాళ్లు వచ్చేవారు.

1830లో ఈ కుర్రాళ్లు 'పార్థినాన్' అనే పత్రిక తెచ్చారు. ఒక సంచిక వచ్చింది. రెండోది బయటికి రాకుండా కాలేజీ పెద్దలు ఆపేశారు.

గేటు బయట కూడా వెళ్లొద్దన్న ఆర్డరు

అదే ఏడాది స్కాట్లండ్ మిషనరీ అలెగ్జాండర్ డఫ్ కలకత్తా వచ్చాడు, క్రైస్తవం మీద ఉపన్యాసాలు మొదలయ్యాయి. మా పిల్లలు మతం మారిపోతారేమోనన్న భయం ఊళ్లో పాకింది. హిందూ కాలేజీ మేనేజర్లు ఒక ఆర్డరు జారీ చేశారు. రాజకీయ, మత చర్చలు జరిగే సంఘాలకు మా విద్యార్థులు వెళ్తున్నారని తెలిసింది, ఇది మాకు ఇష్టం లేదు, ఇకమీదట వెళ్తే మా తీవ్ర ఆగ్రహానికి గురవుతారు అని దాని సారాంశం.

దీన్ని హాలు ఇవ్వకపోవడంతో కలపకూడదు. హాలు ఇవ్వనంటే "మా చోట వద్దు" అని. ఈ ఆర్డరు "ఎక్కడా వద్దు" అంటోంది. సాయంత్రం కాలేజీ అయిపోయాక, ఇంకొకరి తోటలో కూర్చున్నా సరే తప్పే. కాలేజీ అధికారం గేటు దగ్గర ఆగుతుందా, విద్యార్థి వెంట ఇంటిదాకా వస్తుందా అన్నది ఇక్కడ మొదలైన ప్రశ్న. మన రాజమండ్రిలో 1907లో బెంగాల్ నుంచి బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చాక విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వెళ్లినప్పుడు, ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ చర్యలకు దిగాడు, గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి తీసేశారు. అక్కడ బయట విన్నది బ్యాడ్జీ రూపంలో క్లాసులోకి వచ్చింది. కలకత్తాలో అదీ లేదు, వినడానికి వెళ్లడమే నేరమైంది.

ఒకే మనిషి మీద రెండు ప్రశ్నలు

1831 ఏప్రిల్ 23న మేనేజింగ్ కమిటీ కూర్చుంది. డిబేటింగ్ గురించి ఎవరికైనా పాఠం చెప్పాలంటే నేను ఈ మీటింగ్‌తోనే మొదలుపెడతాను.

ముందు పెట్టిన ప్రశ్న ఇది: డెరోజియో పిల్లలకు చదువు చెప్పడానికి తగని మనిషా? తొమ్మిదిమందిలో సంస్కృత పండితుడైన ఇంగ్లీషువాడు విల్సన్, డేవిడ్ హేర్ ఆయన సమర్థుడన్నారు. శ్రీకృష్ణ సింగ్ తగని మనిషి కానే కాదని గట్టిగా చెప్పాడు. రసమయ్ దత్, ప్రసన్నకుమార్ ఠాకూర్ రుజువులు లేవు కాబట్టి తప్పు పట్టలేమన్నారు. అంటే అయిదుగురు. తగనివాడనే మాట నెగ్గలేదు.

అక్కడితో అయిపోలేదు. రెండో ప్రశ్న పెట్టారు. కలకత్తా హిందువుల్లో ఇప్పుడున్న మనోభావాల దృష్ట్యా డెరోజియోని తీసేయడం మంచిదా? ఈసారి చంద్రకుమార్ ఠాకూర్, రాధాకాంత దేవ్, రామ్‌కమల్ సేన్, రాధామాధవ్ బెనర్జీ అవసరమన్నారు. ఇందాక రుజువులు లేవన్న రసమయ్ దత్, ప్రసన్నకుమార్ ఠాకూర్ ఇప్పుడు తీసేయడమే ఉచితమన్నారు. విల్సన్, హేర్ ఇది హిందువుల మనోభావాల విషయం, మేం ఓటు వెయ్యం అని తప్పుకున్నారు. అక్కర్లేదన్నది ఒకే ఒక్కడు. తోట బంగళా ఇచ్చిన శ్రీకృష్ణ సింగ్.

మనిషి అతనే, రోజు అదే, కూర్చున్నవాళ్లూ వాళ్లే. ప్రశ్న మారింది, ఫలితం మారిపోయింది. మొదటిది "ఇతను తప్పు చేశాడా?" అని అడిగింది. రెండోది "ఇతను ఉంటే గొడవేనా?" అని అడిగింది. మొదటిదానికి సాక్ష్యం కావాలి, రెండోదానికి ఊళ్లో పుకారు చాలు. ఇప్పటికీ ఏ కాలేజీ ఏ సభ రద్దు చేసినా, వాళ్లు జవాబు చెబుతున్నది ఈ రెండిట్లో దేనికో చూడండి. చాలాసార్లు రెండోదానికి చెప్పిన జవాబునే మొదటిదానికి తీర్పుగా మనం చదువుకుంటాం.

డెరోజియో ఏప్రిల్ 25న రాజీనామా పంపాడు. తనని పిలిచి అడగలేదని, విచారణ అన్నదే జరగలేదని అందులో బాధపడ్డాడు. అదే రోజు విల్సన్ మూడు విషయాలు అడుగుతూ ఉత్తరం రాశాడు. నువ్వు దేవుణ్ణి నమ్ముతావా? తల్లిదండ్రుల మాట వినడం ధర్మం కాదంటావా? అన్నాచెల్లెళ్ల పెళ్లి తప్పు కాదంటావా? ఊళ్లో ఏం చెప్పుకుంటున్నారో ఈ మూడో ప్రశ్న చూస్తేనే తెలుస్తుంది.

26న వచ్చిన జవాబులో దేవుడి గురించి ఆయన చెప్పింది చీటీల డిబేట్ ఆడిన ఎవరికైనా అర్థమవుతుంది. దేవుడు లేడని నేను ఎవరి ముందూ అనలేదు, దేవుడి మీద తత్వవేత్తలకున్న సందేహాలు చెప్పాను, ఆ సందేహాలకు జవాబులూ చెప్పాను అన్నాడు. దేవుడి మీద సందేహాలు లేవనెత్తిన తత్వవేత్త హ్యూమ్ రాసిన సంభాషణ చదివించాడు, దానికి రీడ్, స్టూవర్ట్ అనే తత్వవేత్తలు ఇచ్చిన సమాధానాలూ చదివించాడు. ఇక తల్లిదండ్రుల సంగతి. శిష్యుడు దక్షిణారంజన్ ముఖర్జీ ఇంట్లో పడలేక బయటికొచ్చేస్తానంటే తనే ఆపానని రాశాడు. మూడోది శుద్ధ అబద్ధమన్నాడు. ఆ ఏడాది డిసెంబర్ 26న కలరాతో చనిపోయాడు. వయసు 22.

మేనేజర్ల వైపునుంచి కూడా చూడాలి. వాళ్లు చదువుకు శత్రువులు కారు. రాధాకాంత దేవ్ ఆడపిల్లల చదువును సమర్థించాడు, పెద్ద సంస్కృత నిఘంటువు తయారుచేయించాడు. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తున్నారన్నది ఆయనకు నిజమైన భయం. చందాలతో నడిచే కాలేజీకి పిల్లలు రాకపోతే కాలేజీయే ఉండదు. రెండు పక్షాల చర్చ నేర్పడం వేరు, పదిహేనేళ్లవాడు అందులోంచి ఏం తీసుకుంటాడన్నది వేరు అనే మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. అయినా సరే, మనిషిని పిలిచి అడగకుండా పంపేయడాన్ని ఈ కారణాలేవీ సమర్థించవని నా అభిప్రాయం.

ఎముకల గొడవ ముందా, వెనకా?

"డెరోజియో శిష్యులు గొడ్డుమాంసం తిని ఎముకలు బ్రాహ్మణుల ఇంట్లో పారేశారు, అందుకే ఆయన్ని తీసేశారు." ఈ వాక్యం మీరు వినే ఉంటారు. సంఘటన నిజం, "అందుకే" అన్నది తప్పు. అది జరిగింది 1831 ఆగస్టులో, డెరోజియో వెళ్లిపోయిన నాలుగు నెలలకు. కృష్ణమోహన్ బెనర్జీ ఇంట్లో ఆయన లేని సమయంలో స్నేహితులు చేసిన పని అది. దానికి ఇంట్లోంచి గెంటించుకున్నది మాత్రం ఆయనే. 1832లో డఫ్ దగ్గర క్రైస్తవం తీసుకున్నాడు.

రెండో సంఘం: వాదన నుంచి వ్యాసానికి

డెరోజియో పోయాక అకడమిక్ అసోసియేషన్‌కి డేవిడ్ హేర్ అధ్యక్షుడయ్యాడు. కొన్నేళ్లకు అది సన్నగిల్లింది. పాత కుర్రాళ్లు ఇరవైల్లోకి వచ్చి ఉద్యోగాలు, వ్యాపారాల్లో పడ్డారు. 1838లో వాళ్లే 'సాధారణ జ్ఞానోపార్జిక సభ' పెట్టారు. అధ్యక్షుడు తారాచంద్ చక్రవర్తి. సభలు సంస్కృత కాలేజీ హాల్లో. హిందూ కాలేజీ కూడా ఆ భవనంలోనే నడిచేది.

పద్ధతి మారింది. విధిరాత ఉందా లేదా అని పోట్లాడే బదులు, తెలిసిన విషయం మీద వ్యాసం రాసుకురావాలి. గోవింద్‌చంద్ర బసాక్ చిట్టగాంగ్, త్రిపుర జిల్లాల వర్ణనలు చదివాడు. మహేశ్‌చంద్ర దేవ్ హిందూ స్త్రీల స్థితి మీద, ప్యారీచంద్ మిత్రా హిందూ రాజుల కాలపు దేశస్థితి మీద చదివారు. వ్యాసం ఇంగ్లీషులోనైనా, బెంగాలీలోనైనా ఉండొచ్చు.

భాష విషయం దగ్గర కాస్త ఆగాలి. మన కాలేజీల్లో ఇప్పటికీ తెలుగు డిబేట్‌కీ ఇంగ్లీషు డిబేట్‌కీ మధ్య ఒక మెట్టు తేడా ఉన్నట్టు చూస్తారు. అకడమిక్ అసోసియేషన్ ఇంగ్లీషులో నడిచింది. దానికి ఎదురుగా, 1833 ప్రాంతంలో హిందూ కాలేజీ విద్యార్థే అయిన దేవేంద్రనాథ్ ఠాకూర్ కార్యదర్శిగా 'సర్వతత్త్వదీపిక సభ' మొదలైంది. బెంగాలీలో తప్ప మాట్లాడకూడదన్నది దాని నియమం. ఈయన రవీంద్రుడి తండ్రి. ఒకే కాలేజీ, రెండు సంఘాలు, భాష మీద రెండు నిర్ణయాలు. 1838 సభ రెండు భాషలకీ తలుపు తీసి మధ్యదారి పట్టింది.

1843 ఫిబ్రవరి 8, సంస్కృత కాలేజీ హాలు

ఆ రోజు వ్యాసం చదువుతున్నది దక్షిణారంజన్ ముఖర్జీ. బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీ కోర్టులు, పోలీసుల పరిస్థితి మీద. వింటున్నవాళ్లలో హిందూ కాలేజీ ప్రిన్సిపాల్ కెప్టెన్ రిచర్డ్‌సన్ ఉన్నాడు. మధ్యలో లేచి, కాలేజీని రాజద్రోహుల గుహగా మార్చనివ్వనని గద్దించాడు.

అధ్యక్ష స్థానంలో ఉన్న తారాచంద్ ఆయన్ని ఆపాడు. మర్యాద తప్పకుండా, ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పాడు. ఈ హాలు మేం కాలేజీ కమిటీకి దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకున్నాం, మీ దయతో వచ్చింది కాదు. మీరు ఇవాళ ఇక్కడ అతిథి మాత్రమే, మా సభ్యుడు మాట్లాడుతుంటే అడ్డుకునే హక్కు మీకు లేదు. అన్న మాట వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పకపోతే కమిటీకి రాస్తాం, అవసరమైతే ప్రభుత్వానికే రాస్తాం.

ఇందులో "మాకు వాక్‌స్వాతంత్ర్యం ఉంది" అనే పెద్ద మాట మీద ఆయన బరువు వేయలేదు చూడండి. అనుమతి ఎవరిచ్చారు, కుర్చీలో ఎవరున్నారు, వంతు ఎవరిది అన్న మూడు నియమాల మీద నిలబడ్డాడు. పదిహేనేళ్లపాటు సభలు నడిపి నేర్చుకున్న విద్య అది. ఎదురుగా ఉన్నది పాలించేవాళ్ల జాతివాడు, సైన్యంలో కెప్టెన్, ప్రిన్సిపాల్. అయినా సభ జరుగుతున్నంతసేపు అధ్యక్షుడే పెద్ద.

రిచర్డ్‌సన్ మూర్ఖుడేం కాదు. ఆయన షేక్‌స్పియర్ పాఠం వినడానికి పిల్లలు చెవికోసుకునేవారు, కవి మైకేల్ మధుసూదన్ దత్ ఆయన శిష్యుడే. సాహిత్యం ఎంతైనా మాట్లాడుకోనిచ్చాడు. కంపెనీ పోలీసుల దగ్గరికి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయాడు. సాహితీ సంఘానికీ రాజకీయ సంఘానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ సాయంత్రం బయటపడింది. ఇంగ్లీషు పత్రికలు ఈ బృందానికి "చక్రవర్తి ఫ్యాక్షన్" అని పేరు పెట్టాయి.

ఇంతకీ వీళ్లు సాధించిందేంటి?

చరిత్రకారులు ఇక్కడ ఒక మాట మీద లేరు. విమర్శించేవాళ్లలో సుమిత్ సర్కార్ ముఖ్యుడు. వీళ్లు ఎక్కువగా నగరపు పై వర్గాల కుర్రాళ్లు, బ్రిటిష్ పాలనని మేలుగానే చూశారు, రైతుల దాకా వెళ్లలేదు అని ఆయన వాదన. ఇందులో చాలా నిజం ఉంది. స్త్రీల స్థితి మీద వ్యాసం చదివిన హాల్లో సభ్యులంతా మగవాళ్లే. హిందూ కాలేజీ గేటులోంచి ముస్లిం కుర్రాడు లోపలికి రాలేడు. తోట బంగళాలో జాతి, మతం, స్వేచ్ఛ అని మాట్లాడుకున్నది ఎవరు అన్న ప్రశ్న వేసుకోక తప్పదు.

రెండో వైపు, ఆ మాటలు చేతల్లోకి దిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఈ బృందంలోని రసిక్‌కృష్ణ మల్లిక్ సుప్రీంకోర్టులో గంగాజలం మీద ప్రమాణం చెయ్యనని చెప్పాడు, దాని పవిత్రత మీద తనకు నమ్మకం లేదన్నాడు. రాధానాథ్ సిక్దార్‌ని ఎవరెస్టు ఎత్తు లెక్కగట్టిన మనిషిగా మనకు తెలుసు. 1843లో డెహ్రాడూన్‌లో సర్వే కూలీలతో మేజిస్ట్రేటు వెట్టి చేయిస్తుంటే ఆయన అడ్డుపడి 200 రూపాయల జరిమానా కట్టాడు. కూలీల కోసం కట్టిన ఆ 200 నాకు ఎవరెస్టు లెక్క కంటే తక్కువగా కనిపించదు. ఈ ఒక్క సంఘటనతో సుమిత్ సర్కార్ వాదన వీగిపోదు. తోట బంగళా వాళ్లంతా గోడ దాటి రాలేదనుకోవడం కూడా దీన్ని చూశాక కుదరదు.

ఫిబ్రవరి గొడవ తర్వాత సభలు సంస్కృత కాలేజీ హాలు నుంచి ఫౌజ్‌దారీ బాలాఖానా అనే చోట అద్దె ఇంటికి మారాయి. ఇంగ్లండ్ నుంచి వచ్చిన బానిసత్వ వ్యతిరేక వక్త జార్జ్ థాంప్సన్ అక్కడ మాట్లాడేవాడు. 1843 ఏప్రిల్ 20న వాళ్లంతా కలిసి బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీ పెట్టారు. దాని పేరులో సాహిత్యం లేదు, జ్ఞానం లేదు, కాలేజీ లేదు. అది నేరుగా రాజకీయ సంఘం. దాని సభలకు ఏ ప్రిన్సిపాల్ దగ్గరా హాలు అడగాల్సిన పని లేదు.